పుస్తకంలో పసుపు చీటీ పెడితే నేరమా?

పోస్టు పొడుగు. తీరిక ఉన్నప్పుడు చదవండి. రెండు లైన్లు చూసి కింద దండం బొమ్మ పెట్టి వెళ్ళిపోయేవాళ్ళు అలాగే వెళ్ళవచ్చు, నాకేం కోపం లేదు.

పోయిన వారం మన సంఘం పుస్తకాల గది తలుపు మీద ఒక నోటీసు వెలిసింది. "పుస్తకములలో స్టిక్కీ నోట్లు, చీటీలు అంటించరాదు. ఉన్నవి తొలగించబడును. గుర్తు పెట్టుకోవలసినవి సెల్‌ఫోనులో ఫోటో తీసుకొనవచ్చును." కింద 'కార్యవర్గం' అని ఉంది. సంతకం లేదు, తేదీ లేదు. ముప్పై ఆరేళ్ళు రైల్వేలో గుమాస్తా పని చేసినవాణ్ణి, సంతకం లేని కాగితాన్ని కాగితంగా లెక్కపెట్టడం నాకు అలవాటు లేదు. పైగా చీటీలు అంటించవద్దని చెప్పే ఆ కాగితాన్ని తలుపుకి సెల్లోటేపుతో అంటించారు. రేపు అది పీకితే రంగు కూడా ఊడి వస్తుంది.

నోటీసుతో ఆగి ఉంటే నవ్వుకుని ఊరుకునేవాణ్ణి. ఆదివారం వెళ్ళి చూస్తే మూడు అరల పుస్తకాల్లోంచి చీటీలన్నీ పీకేసి, ఒక ప్లాస్టిక్ సంచిలో కుక్కి, చీపురు పక్కన పెట్టి ఉన్నారు. చెత్తబండికి పోకముందే ఆ సంచి ఇంటికి తెచ్చుకున్నాను. రసీదు కావాలంటే ఇస్తాను.

కార్యవర్గంలోని పెద్దలను ఒకటి అడుగుతున్నాను. ఆ గదికి వచ్చి తెలుగు పుస్తకం చేతపట్టుకునేది ఎవరో మీకు తెలుసా? 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాష అని రాయించుకున్నవాళ్ళు ఈ తమిళనాడులో 42 లక్షల పైన ఉన్నారు. అందులో తెలుగు చదవగలిగినవాళ్ళు ఎంతమంది? మీ ఇంట్లోనే లెక్క చూసుకోండి. మనం నట్టింట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో తమిళం. నా వయసువాళ్ళలో చాలామంది తమిళ మీడియమే. మాట వస్తుంది, అక్షరం రాదు. మన తర్వాతివాళ్ళ సంగతి ఇంకా గట్టిది. 2006లో వచ్చిన చట్టంతో పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి చేస్తూ వచ్చారు. తమిళం నేర్పడం తప్పని నేననను. నాకు అన్నం పెట్టింది ఆ చదువే. బడిలో తెలుగుకి చోటు ఇరుకైపోయిందన్నది మాత్రం నిజం. అంటే మన గదికి వచ్చేవాళ్ళు నలభై ఏళ్ళకో యాభై ఏళ్ళకో తమంతట తాము అక్షరాలు దిద్దుకున్నవాళ్ళు. వాళ్ళకి పంతులు లేడు, పరీక్ష లేదు, పక్కన కూర్చుని చెప్పేవాడు లేడు. ఉన్నది ఆ మూడంగుళాల పసుపు కాగితం. అది పీకేశారు మీరు.

నా సంగతే చెప్తాను. ఉద్యోగంలో చేరాక పుత్తూరులో మూడేళ్ళు ఉన్నాను, అప్పట్లో చిత్తూరు జిల్లాలో ఉన్న పుత్తూరు. అక్కడ స్టేషన్ పేరు బోర్డులు చూసి తెలుగు అక్షరాలు పట్టుకున్నాను. ఊరి పేరు నోటికి తెలుసు, ఇంగ్లీషులో చదవగలను, పక్కన తెలుగులో ఉంది. పోల్చుకుంటూ పోతే పదిహేను స్టేషన్లకి సగం అక్షరమాల వచ్చేసింది. తర్వాత పెద్దబాలశిక్ష కొన్నాను. అక్షరాలు వచ్చినంత మాత్రాన చదువు రాదు, ఒత్తుల దగ్గర బండి ఆగిపోయేది. ఆగిన ప్రతిచోటా ఒక కాగితం ముక్క పెట్టేవాణ్ణి. ఆఫీసులో మాకు అది పరిచయమైన పనే. ఫైలులో ఏ ఉత్తరం గురించి రాశామో ఆ ఉత్తరానికి 'ఎ', 'బి' అని చిన్న చీటీ గుండుసూదితో గుచ్చి పైకి పంపేవాళ్ళం. ఫ్లాగ్ అనేవాళ్ళం. ఫ్లాగ్ లేని ఫైలు పంపితే పై ఆఫీసరు విసిరికొట్టేవాడు. ఫ్లాగ్ ఉన్న ఫైలు పంపితే ఆ గుండుసూది గుచ్చుకుని విసిరికొట్టేవాడు. అది వేరే కథ. ఏ మాట ఎక్కడుందో చేతితో చూపించగలగాలి, అదే గుమాస్తా చదువంతా. పుస్తకం చదవడంలో కూడా అంతకంటే పెద్ద రహస్యం ఉందని నేననుకోను.

ఇక మన తమిళ మీడియం వాళ్ళకి ఒత్తులకంటే పెద్ద గుంట ఇంకొకటి ఉంది. చూడ్డానికి తెలిసిన మాటే, అర్థం మాత్రం వేరు. 'అవసరం' అంటే తమిళంలో తొందర, తెలుగులో కావలసి ఉండటం. "నీ సహాయం అవసరం లేదు" అన్న వాక్యాన్ని మనవాడు "తొందరేం లేదు, మెల్లిగా చెయ్యి" అని చదువుకుని ముందుకి పోతాడు. కథలో ఆ ఇద్దరూ ఎందుకు పోట్లాడుకున్నారో చివరిదాకా అర్థం కాదు. 'కేవలం' అంటే తమిళంలో నీచం, తెలుగులో ఉత్త. "అతడు కేవలం గుమాస్తా" అని ఉంటే నాలాంటివాడికి రక్తం ఉడుకుతుంది, పాపం రచయిత తిట్టనే లేదు. 'ఆత్రం' మనకి తొందరపాటు, తమిళంలో ఆ మాట వింటే కోపం. ఇవన్నీ ఒక్కసారి చెప్తే గుర్తుండేవి కావు. ఎందుకంటే తెలియని మాట దగ్గర మనిషి ఆగుతాడు, తెలిసిందనుకున్న మాట దగ్గర ఆగడు. అక్కడ ఒక పసుపు కాగితం నిలబడి "అన్నా, ఆగు, ఇది తమిళం అవసరం కాదు" అంటే ఆగుతాడు. అదీ ఆ చీటీ చేసే ఉద్యోగం. మన గదిలో ఒకరు పెట్టిన చీటీ ఆ తర్వాత చదివే పదిమందిని ఆపుతుంది.

ఫోటో తీసుకోండి అంటున్నారు. సరే, మీ ఫోన్ తెరవండి. శుభోదయాలు ఎన్ని, పెళ్ళి భోజనాలు ఎన్ని, గ్యాస్ రసీదులు ఎన్ని? వాటి మధ్య మీరు ఆర్నెల్ల కింద తీసిన పేజీ చూపించండి చూద్దాం. సరే దొరికిందే అనుకుందాం. ఫోటోలో ఉండేది పేజీ. పేజీ పుస్తకంలో కూడా ఉంది కదండీ! నాకు అక్కడ ఏం అర్థం కాలేదో, నేనేం అనుకున్నానో ఫోటోలో ఉండదు. చీటీ మీద నాలుగు మాటలు రాయాలంటే ముందు నాలుగు మాటలు ఆలోచించాలి. ఆ కాగితం చిన్నది కాబట్టి మొత్తం వాక్యం దించుకోవడానికి కుదరదు, సారం పిండాలి. అందుకే అది పనికొస్తుంది. నోటుబుక్కులో అయితే మనవాళ్ళు పేజీలకి పేజీలు ఎత్తిరాసుకుని, చదివేశామని సంతోషపడి, ఆ నోటుబుక్కు మళ్ళీ తెరవరు.

పెద్దాయన ఒకరు ఫోన్ చేసి, పుస్తకం సరస్వతి, దానికి కాగితాలు అంటించడం అపచారం అన్నారు. వయసులో పెద్దవారు, గౌరవంగానే చెప్తున్నాను. ఈ స్టిక్కీ నోట్ పుట్టింది ఎక్కడో తెలుసా? అమెరికాలో త్రీఎమ్ అనే కంపెనీలో స్పెన్సర్ సిల్వర్ అనే రసాయన శాస్త్రవేత్త 1968లో గట్టి జిగురు కోసం చూస్తుంటే గట్టిగా పట్టుకోని జిగురు తయారైంది. అంటుకుంటుంది, లాగితే వచ్చేస్తుంది, మళ్ళీ అంటుకుంటుంది. దాంతో ఏం చెయ్యాలో ఏళ్ళ తరబడి ఎవరికీ తోచలేదు. అదే కంపెనీలో ఆర్ట్ ఫ్రై అనే ఆయన చర్చిలో బృందంతో కలిసి పాడేవాడు. కీర్తనల పుస్తకంలో గుర్తుకి పెట్టుకున్న కాగితం ముక్కలు పేజీ తిప్పితే జారిపోతుండేవి. 1974లో ఆయనకి ఆ జిగురు గుర్తుకొచ్చింది. పసుపు రంగు ఎందుకంటే పక్క ల్యాబులో ఉన్న చిత్తుకాగితం పసుపు. 1980లో అమెరికా అంతటా అమ్మకానికి వచ్చింది. అంటే భక్తుడి చేతిలో, భజన పుస్తకం కోసం పుట్టిన వస్తువండీ అది. మన ఇళ్ళలో పుస్తకంలో నెమలీక పెట్టలేదా, ఎండిన రావి ఆకు పెట్టలేదా? అపచారం గురించి మాట్లాడేవాళ్ళలో కొందరు వేలు నాలుకకి తడి చేసుకుని పేజీ తిప్పడం, పేజీ మూల చెవి మెలిపెట్టినట్టు మడవడం, బాల్‌పెన్నుతో గీతలు గీయడం నేను నా కళ్ళతో చూశాను. సరస్వతికి ఏది నొప్పో మీరే చెప్పండి.

ఒక్క మాటలో మాత్రం నోటీసు రాసినవారితో ఏకీభవిస్తాను. పాత పుస్తకాలకి ఈ జిగురు మంచిది కాదు. తీసేశాక కూడా కంటికి కనపడని జిగురు కొంత కాగితం మీద మిగిలి దుమ్ము పడుతుంది. పెళుసెక్కిన కాగితమైతే లాగినప్పుడు అచ్చు అక్షరంతో సహా లేస్తుంది. పాత కాగితాలను కాపాడే పనిలో ఉన్నవాళ్ళు వద్దనే చెప్తారు. మన గదిలో పై అరలో ఉన్న అట్టలూడిన పుస్తకాలు అలాంటివే. వాటికి జిగురులేని తెల్లకాగితం కత్తిరించి పెట్టుకోవాలి, పెన్సిలుతో రాయాలి. కొత్త పుస్తకాలకైతే స్టిక్కీ నోట్ అంచు ఖాళీలో, అచ్చు మీద పడకుండా అంటించాలి. తీసేటప్పుడు కింద పట్టుకుని పైకి లాగితే చుట్టుకుపోతుంది, పక్కనుంచి లాగాలి. ఈ నాలుగు మాటలు నోటీసులో రాసి ఉంటే కిందికి వెళ్ళి నేనే సంతకం పెట్టేవాణ్ణి. జబ్బు ఒక అరలో ఉంటే మందు ఆరు అరలకీ పోశారు. ఇంకో సంగతి, పెళుసు పుస్తకాలని కాపాడాలన్నవాళ్ళు వాటిలోంచి చీటీలు అంత వేగంగా పీకుతారా? సంచిలో రెండు చీటీల వెనక అక్షరాలు అంటుకుని వచ్చాయి. ఏ పుస్తకానివో వెతుకుతున్నాను.

ఇప్పుడు చీటీలు రాసేవాళ్ళతో నా తగువు. సంచి మొత్తం పరుపు మీద గుమ్మరించి చూశాను, నాలుగు వందలకు పైనే. సంతోషం వేసింది, ఇంతమంది చదువుతున్నారా అని. తర్వాత ఒక్కొక్కటే తిప్పితే బాధ వేసింది. సగానికి సగం తమిళ అక్షరాల్లో ఉన్నాయి. మిగిలినవాటిలో చాలా ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు. తెలుగు అక్షరాల్లో రాసినవి ఒక గుప్పెడు. ఏమండీ, తెలుగు పుస్తకం చదవడానికి వచ్చి, తెలుగు మాటకి గుర్తు తమిళంలో రాసుకుంటే చెయ్యికి తెలుగు ఎప్పుడు వస్తుంది? తమిళ అక్షరాల మీద నాకు ప్రేమే, వాటితోనే పెరిగాను. కాని అక్కడ 'క'కీ 'గ'కీ ఒకటే అక్షరం, 'త'కీ 'ద'కీ ఒకటే, 'ప'కీ 'బ'కీ ఒకటే. ఒక చీటీలో ఎవరో 'గుడి' అని రాయాలనుకుని తమిళంలో రాశారు. అది 'కుడి' అయింది. తమిళంలో 'కుడి' అంటే తాగమని! కథలో వాళ్ళు గుడికి వెళ్ళారు, చీటీ చూస్తే సారాయి కొట్టుకి వెళ్ళినట్టుంది. ఇంకొక చీటీలో 'దాత' కాస్తా 'తాత' అయ్యాడు. స్థలం తాత ఇచ్చాడా, దాత ఇచ్చాడా అన్నది మన సంఘంలో ఎంత పెద్ద గొడవో నేను చెప్పక్కర్లేదు.

తమిళంలో అచ్చువేసే త్యాగరాజ కీర్తనల పుస్తకాలు చూడండి. అక్షరం నెత్తిన 2, 3, 4 అని చిన్న అంకెలు వేస్తారు, ఇది 'గ', ఇది 'ద' అని తెలియడానికి. తెలుగు రాని గాయకులకి అది మంచి ఏర్పాటు, వాళ్ళ శ్రద్ధకి దండం పెట్టాలి. మనం ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళం, మనకి అంకెలెందుకు? మీ రాత వంకరగా ఉంటుందని సిగ్గా? ఆ చీటీ మీద మార్కులు వేసేవాడు ఎవడూ లేడు. 'హెచ్చరిక' రాయబోయి 'ఎచ్చరిక' అని రాయండి, తర్వాత చదివినవాళ్ళు పక్కన సరిచేస్తారు. ఒక మాట, ఒక చీటీ, రోజుకి ఒకటి. యూట్యూబులో చూసి ఐదు రంగులు కొని, ఏ రంగు దేనికో ఇంకో కాగితం మీద రాసుకుని, ఆ కాగితం పోగొట్టుకునే పిల్లలని చూశాను. ఒక్క రంగు చాలు.

ఆ గుప్పెడు తెలుగు చీటీల్లో ఒకటి మాత్రం నన్ను కూర్చోబెట్టేసింది. వణుకుతున్న చేతిరాత, పెన్సిలు. "ఇక్కడ చెత్త ఊడ్చింది అని వేశారు. మా అవ్వ కసువు ఊడ్చింది అంటుంది." అంతే. ఇంకొకటి అదే చేతిరాత. "గేదె అంటే ఎనుము." ఎవరు రాశారో తెలియదు. ఎవరైనా సరే, ఆ మనిషి పుస్తకానికి జవాబు చెప్తున్నారండీ! పుస్తకం తెలుగు ఒకటి, మన ఇంటి తెలుగు ఒకటి. వాళ్ళు 'ఉంది' అంటే మనం 'ఉండాది' అంటాం. మనది తప్పు తెలుగని మనమే తలవంచుకుంటాం. మనలో పుట్టిన కి. రాజనారాయణన్ గారు, కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్ ఆయన, తమిళంలో రాసి ఎంత పేరు తెచ్చుకున్నారు! తెలుగువాళ్ళు వలస వచ్చిన కథని 'గోపల్ల గ్రామం' అని నవలగా రాశారు. కరిసల్ సీమ జనం మాటలన్నీ ఏరి ఒక నిఘంటువే వేశారు. అది తమిళ మాటలకి జరిగిన మేలు. మన అవ్వల తెలుగు మాటలకి ఆ పని ఎవరు చేస్తారు? ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు కూడా ఊళ్ళనుంచి జనం రాసి పంపిన చీటీలతోనే తయారైంది. మీరు చీపురు పక్కన పెట్టిన సంచిలో అలాంటి చీటీలు పదకొండు ఉన్నాయి. పదకొండూ ఏరి విడిగా పెట్టాను.

ఇంట్లో కూడా ఇదే పని చెయ్యమంటాను. మా ఇంట్లో ఫ్రిజ్ మీద అన్నీ తెలుగులోనే ఉంటాయి. "నవంబరు, పెన్షన్‌కి జీవిత ప్రమాణపత్రం." "బీపీ మాత్ర, రాత్రి." "పాలవాడికి 14 రోజులు." వంటింటి డబ్బాల మీద అంటిస్తే నూనె చేతికి రెండు రోజుల్లో ఊడిపోతాయి, అక్కడ పని చెయ్యవు, ఫ్రిజ్ మీదా బీరువా తలుపు మీదా నిలుస్తాయి. మా మనవడు ఇంగ్లీషు మీడియం. వాడికి ఎవరూ తెలుగు చెప్పలేదు. వాడికి ఐస్‌క్రీమ్ ఎక్కడుందో ఒక చీటీ మీద తెలుగులో రాసి అంటించాను. రెండు రోజుల్లో 'కింద అర' అని చదివేశాడు.

చీటీ అంటే చీటీల పాట కాదు, అందులో ఎవరి డబ్బూ మునగదు. మరి కార్యవర్గానికి ఇంత పట్టుదల ఎందుకని ఆలోచించాను. ఈ నెల మహాసభ ఎజెండాలో ఐదో అంశం చూడండి: "పుస్తకాల గది వినియోగం". ఆ గదికి ఏసీ పెట్టి, కల్యాణ మండపానికి వచ్చే పెళ్ళివారికి అద్దెకిస్తే ఆదాయం వస్తుందని ఒక ఆలోచన. దానికి కారణం, పుస్తకాలు ఇంటికి తీసుకెళ్ళే రిజిస్టర్‌లో సంతకాలు తక్కువగా ఉన్నాయట, అంటే చదివేవాళ్ళు లేరట. నేను ఆ రిజిస్టర్ చూశాను. నిజమే, తక్కువే. ఎందుకు ఎక్కువ ఉంటాయి? మనవాళ్ళు ఇంటికి తీసుకెళ్ళరు. ఇంట్లో తెలుగు తడుముకుంటూ చదివితే కోడళ్ళు నవ్వుతారని, ఆదివారం ఇక్కడే కూర్చుని గంట చదివి, ఆగిన చోట చీటీ పెట్టి వెళ్తారు. వచ్చే వారం అదే చీటీ దగ్గర మొదలుపెడతారు. వాళ్ళు చదివారనడానికి ఆ చీటీలే సాక్ష్యం. ఆ సాక్ష్యం మహాసభకి మూడు వారాల ముందు పీకేశారు. కావాలని చేశారని నేను అనటం లేదు. తారీఖులు మాత్రం చెప్తున్నాను. ఇప్పుడు వాళ్ళలో ఒక్కొక్కరూ వచ్చి, ఏ పేజీలో ఆగారో తెలియక, పుస్తకం మళ్ళీ అరలో పెట్టేస్తారు. ఈ ఆదివారం ఒక అక్కయ్య అలాగే నాలుగైదు పేజీలు అటూ ఇటూ తిప్పి లేచి వెళ్ళిపోయింది.

మహాసభలో నేను ఒక తీర్మానం పెడుతున్నాను. పాఠం ఇది: "పుస్తకాల గదిలో కొత్త పుస్తకాలకు స్టిక్కీ నోట్లు, పాత పుస్తకాలకు జిగురు లేని కాగితపు చీటీలు పెట్టుకోవడానికి సభ్యులకు హక్కు ఉంది. చీటీలను తెలుగు లిపిలో రాయవలెనని కోరడమైనది. పెట్టినవారు తప్ప ఇతరులు తీయరాదు. బల్ల మీద ఒక డబ్బాలో చీటీల కట్ట, రెండు పెన్సిళ్ళు సంఘం ఖర్చుతో ఉంచవలెను. ఐదవ అంశం ఒక సంవత్సరం వాయిదా వేయవలెను." ప్రతిపాదించేది నేను. బలపరిచేవారు ఒకరు కావాలి, నియమావళి ప్రకారం చందా బాకీ లేని సభ్యులై ఉండాలి.

సంచిలోని చీటీలన్నీ చేతిరాత ప్రకారం వేరుచేసి, పాత కవర్లలో పెట్టి ఉంచాను. మీ రాత మీరు గుర్తుపట్టగలిగితే సాయంత్రం ఐదు దాటాక మా ఇంటికి వచ్చి తీసుకోండి. 'కసువు' రాసినవారు ఎవరో వస్తే మాత్రం కాఫీ తాగి వెళ్ళాలి, ఇంకా అడగాల్సిన మాటలు ఉన్నాయి.